మకోతో హసెబే జర్మనీలో 17 సీజన్లు ఎలా నిలబడ్డాడు?

మీరు బడిపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నారని, జపాన్ నుంచి విదేశాలకు వెళ్ళి ఆడినవారిలో మకోతో హసెబేను ఎంతోమంది ఆకాశానికెత్తుతుంటే విని అతని లెక్కలు తిరగేశారని రాశారు. జర్మనీ మొదటి డివిజన్ లీగ్ అయిన బుండెస్‌లిగాలో 384 మ్యాచ్‌లు ఆడి కనీసం పది గోల్స్ అయినా చేయని ఆటగాడిలో అంత గొప్పతనం ఎక్కడుందో అర్థం కాలేదని, పిల్లలకు చూపించడానికి అతని మ్యాచ్‌లు ఏవి తగినవని అడిగారు. జర్మన్ ఫుట్‌బాల్‌ను చాలాకాలంగా శ్రద్ధగా గమనిస్తూ, కొంతకాలం నేనూ పిల్లలకు ఆట నేర్పినవాణ్ణి గనుక, హసెబే గురించి కాస్త వివరంగానే రాస్తాను.

మీరు సందేహిస్తూ రాసిన ఆ 384 అన్న అంకెలోనే సగం జవాబు ఉంది. జర్మనీ మొదటి డివిజన్ చరిత్రలో అంతకంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన విదేశీయుడు ఒక్కడే, పెరూకు చెందిన క్లాడియో పిజారో. అతనివి 490. ఆ తరువాతి స్థానంలో హసెబేతో సమానంగా 384 మ్యాచ్‌లతో ఉన్నవాడు రాబర్ట్ లెవాండోవ్‌స్కీ. పిజారో, లెవాండోవ్‌స్కీ ఇద్దరూ గోల్స్ చేయడమే పనిగా ఉన్న స్ట్రైకర్లు కాబట్టి, వాళ్ళను ఏ కోచ్ అయినా ఎందుకు ఎంచుకుంటాడో ఎవరికీ చెప్పనక్కరలేదు. గోల్స్ చేయని, ఎత్తు 180 సెంటీమీటర్లకు మించని, మెరుపు వేగం లేని ఒక జపాన్ ఆటగాణ్ణి మూడు క్లబ్బుల్లో, ఒకరి పద్ధతి మరొకరికి గిట్టని అంతమంది కోచ్‌లు 17 సీజన్ల పాటు ఎందుకు ఎంచుకున్నారన్నదే ఆలోచించవలసిన విషయం. హసెబే తన స్థానాన్ని పట్టుకుని వేళ్ళాడలేదు, జట్టుకు ఎక్కడ లోటు ఉంటే అక్కడికి వెళ్ళి ఆ పనిని బాగా నేర్చుకున్నాడు. అతని వృత్తిజీవితం మొత్తం ఈ ఒక్క గుణం చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

ఇతని కథ సరిగ్గా అర్థం కావాలంటే ముందు బుండెస్‌లిగాలో ఆడిన తొలి జపాన్ ఆటగాడు యసుహికో ఒకుదెరా గురించి తెలియాలి. జపాన్ ఫుట్‌బాల్‌కు జర్మనీతో బంధం 1960లో దెట్‌మార్ క్రామర్ అనే జర్మన్ కోచ్ టోక్యో ఒలింపిక్స్ సన్నాహాల కోసం వచ్చినప్పుడు మొదలయింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని భారత జట్టు చేతిలో 0-2తో ఓడిన జపాన్, ఆరేళ్ళు తిరిగేసరికి 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఆతిథ్య జట్టునే ఓడించి కాంస్య పతకం గెలుచుకుంది. అయినా అక్కడి ఆటగాళ్ళు ఇంకా కంపెనీ జట్లకు ఆడే ఉద్యోగులే తప్ప వృత్తి ఆటగాళ్ళు కారు. ఫురుకావా ఎలక్ట్రిక్ కంపెనీ జట్టుకు ఆడుతున్న ఒకుదెరా 1977లో జర్మనీలో శిక్షణకు వచ్చినప్పుడు కొలోన్ క్లబ్ కోచ్ హెన్నెస్ వైస్‌వైలర్ కంట్లో పడ్డాడు. జర్మన్ క్లబ్బులు మైదానంలోకి ఇద్దరు విదేశీయులను మాత్రమే దించగలిగిన రోజులవి. ఆ రెండు స్థానాల్లో ఒకటి, ప్రపంచకప్ ముఖమే చూడని దేశపు కంపెనీ ఉద్యోగికి ఇవ్వడమంటే సాహసమే.

ఆ మొదటి సీజన్‌లోనే కొలోన్ లీగ్‌నూ జర్మన్ కప్‌నూ గెలిచింది. 1978 ఏప్రిల్ 29న జరిగిన చివరి రోజు మ్యాచ్‌లు జర్మనీలో నేటికీ చెప్పుకుంటారు. పాయింట్లలో సమానంగా ఉన్న మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ ఆ రోజు డార్ట్‌మండ్‌ను 12-0తో చిత్తుచేయగా, కొలోన్ సెయింట్ పౌలిని 5-0తో ఓడించి, సీజన్ మొత్తం గోల్స్ లెక్కలో కేవలం మూడు గోల్స్ తేడాతో విజేత అయింది. ఆ ఐదింటిలో రెండు ఒకుదెరావి. మరుసటి ఏడాది యూరోపియన్ కప్ సెమీఫైనల్లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మైదానంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగి స్కోరును 3-3 చేసిందీ అతనే. ఎడమ వింగ్‌లో గోల్స్ చేసే ఆటగాడిగా వచ్చిన ఒకుదెరాను తరువాత బ్రెమెన్‌లో కోచ్ ఓట్టో రెహాగెల్ ఎడమ వైపే వెనక్కి దించి, రక్షణ బాధ్యతలు కూడా అప్పగించాడు. అతను ఆ మార్పును మనస్ఫూర్తిగా స్వీకరించి, 1986లో స్వదేశానికి తిరిగి వెళ్ళేలోగా బుండెస్‌లిగాలో 234 మ్యాచ్‌లు పూర్తిచేశాడు. జపాన్ ఆటగాళ్ళలో ఆ రికార్డు ముప్పై ఏళ్ళు చెక్కుచెదరలేదు. దాన్ని 2017 మార్చిలో దాటినవాడే హసెబే. తొలివాడు ఎలా నిలబడ్డాడో, అతని రికార్డును దాటినవాడూ అలాగే నిలబడ్డాడు కాబట్టి ఇంత దూరం వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

హసెబే 1984 జనవరి 18న షిజువోకా రాష్ట్రంలోని ఫుజియెదాలో పుట్టాడు. జపాన్‌లో ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లుగా చెప్పుకునే ప్రాంతాల్లో అది ఒకటి, అతను చదివిన ఫుజియెదా హిగాషి ఉన్నత పాఠశాలకు ఆ ఆటలో పెద్ద పేరు. జపాన్ వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన జె-లీగ్ 1993లో ఆరంభమయ్యేనాటికి అతను తొమ్మిదేళ్ళ పిల్లవాడు. అంటే వృత్తి ఫుట్‌బాల్ అనేది ఒకటుందని చిన్ననాటి నుంచే తెలిసి పెరిగిన తరం వాడు. 2002లో ఉరావా రెడ్స్‌లో చేరాడు. అప్పట్లో అతను మధ్యలో బంతి అందుకుని ప్రత్యర్థులను దాటుకుంటూ ఎదురుగా దూసుకెళ్ళే మిడ్‌ఫీల్డర్. తరువాతి కాలపు హసెబేను మాత్రమే చూసినవారు ఈ మాట నమ్మడానికి కాస్త ఇబ్బందిపడతారు. ఉరావాతో 2003లో లీగ్ కప్, 2006లో లీగ్, 2007లో ఆసియా చాంపియన్స్ లీగ్ గెలిచాడు. ఆ క్లబ్‌లో అతనికి శిక్షణ ఇచ్చినవారిలో 1990 ప్రపంచకప్ గెలిచిన జర్మన్ జట్టు డిఫెండర్ గైడో బుఖ్‌వాల్డ్ ఒకరు, ఆ తరువాత వచ్చిన హోల్గర్ ఒసీక్ మరొకరు. జర్మన్ కోచ్ ఏమి కోరతాడో, ఏ తప్పును క్షమించడో అతనికి విమానం ఎక్కకముందే కొంత తెలుసునన్నమాట.

జర్మనీయే ఎందుకన్న ప్రశ్నకు మరొక కారణం నిబంధనల్లో ఉంది. ఐరోపా సమాఖ్యకు బయటి దేశాల ఆటగాళ్ళ సంఖ్యపై ఉన్న పరిమితిని బుండెస్‌లిగా 2006లో ఎత్తివేసి, దాని బదులు ప్రతి క్లబ్ తగినంతమంది జర్మన్ ఆటగాళ్ళను ఉంచుకోవాలన్న షరతు పెట్టింది. ఇటలీలో ఆ పరిమితి, ఇంగ్లండ్‌లో వర్క్ పర్మిట్ నిబంధనలు ఆసియా ఆటగాళ్ళకు అడ్డుగోడలుగా నిలిచిన సమయంలో జర్మనీ తలుపు అలా తెరుచుకుంది. కగావా, ఉచిదా, ఒకజాకి వంటి జపాన్ ఆటగాళ్ళు తరువాత ఆ దారినే వెళ్ళారు. ప్రతిభ ఎంత ఉన్నా, చట్టం దారి ఇవ్వకపోతే ఆటగాడు ఇంటి దగ్గరే ఉండిపోతాడన్న వాస్తవాన్ని క్రీడా చర్చల్లో మనం తరచు మరిచిపోతాము.

2008 జనవరిలో హసెబే వోల్ఫ్స్‌బుర్గ్ చేరాడు. అక్కడి కోచ్ ఫెలిక్స్ మగాత్ శిక్షణలో కఠినత్వానికి పేరుపడ్డవాడు. బరువైన మెడిసిన్ బంతులు మోయించడం, శిక్షణ మైదానం దగ్గర ప్రత్యేకంగా కట్టించిన గుట్ట మీదికి పరుగెత్తించడం అతని పద్ధతి. ఆ జట్టులో దాడిని నడిపే పని మిసిమోవిచ్‌ది, గోల్స్ పని గ్రాఫీతే, జెకోలది. 2008-09లో ఆ ఇద్దరే కలిసి 54 గోల్స్ చేశారు. అంతమంది ముందుకే పరుగెత్తే జట్టులో, బంతి పోయినప్పుడు వెనక్కి పరుగెత్తేవాడు ఒకడు కావాలి. ఉరావాలో దూసుకెళ్ళడం అలవాటైన కుర్రవాడు ఇక్కడ మిడ్‌ఫీల్డ్ కుడి అంచున, అవసరమైతే రైట్ బ్యాక్‌గా కూడా ఆ పని చేశాడు. 2009 మే 23న వోల్ఫ్స్‌బుర్గ్ బ్రెమెన్‌ను 5-1తో ఓడించి తన చరిత్రలో మొట్టమొదటి లీగ్ టైటిల్ గెలిచింది. ఒకుదెరా కొలోన్‌తో విజేతగా నిలిచిన 31 ఏళ్ళకు మళ్ళీ జపాన్ ఆటగాడి చేతికి లీగ్ విజేతలకిచ్చే పళ్ళెం అందింది.

టైటిల్ తరువాతి ఏళ్ళలో అతనికి సుఖం తక్కువ. వోల్ఫ్స్‌బుర్గ్ వెంటవెంటనే కోచ్‌లను మార్చింది, ప్రతిసారీ అతను మళ్ళీ మొదటినుంచి తనను నిరూపించుకోవలసి వచ్చింది. వారిలో 2011లో కొద్ది వారాలు మాత్రమే బాధ్యత వహించిన పియెర్ లిట్‌బార్‌స్కీ ఒకరు. యువకుడిగా కొలోన్‌లో ఒకుదెరాతో కలిసి ఆడిన ఆయన, జె-లీగ్ తొలిరోజుల్లో జపాన్ వెళ్ళి ఆడాడు కూడా. రెండు దేశాల మధ్య ఈ రాకపోకలు ఎంత గాఢంగా అల్లుకున్నాయో చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

2011 సెప్టెంబర్ 17న హోఫెన్‌హైమ్‌లో జరిగిన సంఘటనను మీ పిల్లలకు తప్పక చెప్పండి. చివరి నిమిషాల్లో వోల్ఫ్స్‌బుర్గ్ గోల్‌కీపర్ హిట్జ్‌కు ఎర్రకార్డు చూపించేసరికి మూడు మార్పులూ అయిపోయాయి. మైదానంలో ఉన్న పదిమందిలో ఎవరో ఒకరు గ్లవ్స్ తొడుక్కోక తప్పదు. తొడుక్కున్నవాడు హసెబే. అతను ఒక గోల్ వదిలాడు, జట్టు 3-1తో ఓడింది. దాన్ని వింత సంఘటనల జాబితాలో చేర్చి నవ్వుకునేవారు ఉన్నారు. నాకు మాత్రం ఆ పది నిమిషాల్లో అతని స్వభావం పూర్తిగా కనిపిస్తుంది. మరుసటి ఏడాది ఇంకా గడ్డుకాలం వచ్చింది. మరొక క్లబ్‌కు వెళ్ళాలనుకున్న అతన్ని, తిరిగి వచ్చి కోచ్‌గా ఉన్న మగాత్ సీజన్ ఆరంభం నుంచి పక్కన పెట్టాడు. అక్టోబర్‌లో మగాత్ వెళ్ళిపోయాక తాత్కాలిక కోచ్ క్యోస్ట్‌నర్ అతన్ని వెంటనే జట్టులోకి తీసుకున్నాడు. అన్ని వారాలు మ్యాచ్ అనేది లేకుండా ఉన్న ఆటగాడు ఆ రోజే ఆడటానికి సిద్ధంగా ఉన్నాడంటే, ఎవరూ చూడని శిక్షణలో అతను ఏమీ తగ్గించలేదని అర్థం.

2013లో చేరిన న్యూర్న్‌బెర్గ్‌లో ఫలితాలు దారుణంగా ఉన్నాయి. ఆ క్లబ్ సీజన్ మొదటి సగంలో ఆడిన 17 మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవలేదు. హసెబే మోకాలికి గాయమై నెలల తరబడి దూరమయ్యాడు, సీజన్ ముగిసేసరికి క్లబ్ రెండో డివిజన్‌కు పడిపోయింది. అప్పటికి అతనికి 30 ఏళ్ళు, మోకాలికి శస్త్రచికిత్సలు, వెనుక ఒక పతనం. చాలామంది జపాన్ ఆటగాళ్ళు ఆ వయసులో జె-లీగ్‌కు తిరిగి వెళ్ళి గౌరవంగా ముగిస్తారు. హసెబే ఐన్‌ట్రాఖ్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌తో ఒప్పందం చేసుకున్నాడు. అక్కడ పదేళ్ళు ఆడతాడని ఆ రోజు ఎవరూ ఊహించి ఉండరు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ తొలి రెండేళ్ళు మిడ్‌ఫీల్డర్‌గా, అవసరం పడితే రైట్ బ్యాక్‌గానే గడిచాయి. 2016 మే నెలలో పరిస్థితి ఎంత దిగజారిందంటే, మొదటి డివిజన్‌లో ఉండటానికి ఫ్రాంక్‌ఫర్ట్ రెండు మ్యాచ్‌ల ప్లేఆఫ్ ఆడవలసి వచ్చింది. అందులోని ప్రత్యర్థి అతని పాత క్లబ్ న్యూర్న్‌బెర్గే. 1-1, 1-0 ఫలితాలతో ఫ్రాంక్‌ఫర్ట్ గట్టెక్కింది. అప్పటికి కొద్ది నెలల క్రితమే వచ్చిన కోచ్ నికో కొవాచ్ తరువాతి సీజన్‌లో రక్షణను ముగ్గురితో అమర్చి, ఆ ముగ్గురి నడుమ హసెబేను నిలబెట్టాడు. జర్మనీలో ఇప్పటికీ పాత పేరుతో లిబెరో అని పిలిచే స్థానం అది.

మీరు శిక్షకులు కాబట్టి ఈ మార్పు గురించి నిదానంగా చెబుతాను. ముగ్గురు డిఫెండర్ల వరుసలో పక్కనున్న ఇద్దరూ ప్రత్యర్థి స్ట్రైకర్లను నేరుగా ఢీకొంటారు, వాళ్ళకు ఎత్తు, బలం, పరుగు కావాలి. మధ్యలో ఉన్నవాడు వాళ్ళ వెనుక ఏర్పడే ఖాళీని కాపాడాలి, బంతి ఎక్కడ పడబోతోందో అది కొట్టకముందే పసిగట్టాలి, బంతి దొరికిన మరుక్షణం దాన్ని ఎవరికి అందిస్తే దాడి మొదలవుతుందో నిర్ణయించాలి. మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాడికి నాలుగు వైపుల నుంచీ ప్రత్యర్థులు వస్తారు, లిబెరోకు ఆట మొత్తం ముందే పరచుకుని కనిపిస్తుంది. అందువల్ల పదిహేనేళ్ళు మిడ్‌ఫీల్డ్‌లో ఇరుకు జాగాల్లో బంతిని అందుకుని తిప్పడం అలవాటైన కాళ్ళకు ఇక్కడ అదనపు సమయం దొరికినట్టవుతుంది. 32 ఏళ్ళకు తగ్గడం మొదలైన వేగాన్ని, సరైన చోట ముందుగానే నిలబడటం ద్వారా అతను పూడ్చుకున్నాడు. ఆలస్యంగా వెళ్ళేవాడే నేలమీద జారి ట్యాకిల్ చేయవలసి వస్తుంది. హసెబే నిలబడే ఉండి, పాస్ దారిలో కాలు చాచి బంతిని తీసుకునేవాడు.

ఈ మార్పులో కోచ్ చూపు ఎంత ఉందో, ఆటగాడి పూర్వాభ్యాసం కూడా అంతే ఉంది. ఉరావాలో దూసుకెళ్ళేవాడిగా అతను బంతి మీద పట్టు సంపాదించాడు. వోల్ఫ్స్‌బుర్గ్‌లో కుడి అంచున వెనక్కి పరుగెత్తుతూ రక్షణలో ఎప్పుడు ఎక్కడ చిల్లు పడుతుందో నేర్చుకున్నాడు. రైట్ బ్యాక్‌గా ఆడినప్పుడు డిఫెండర్ల వరుస కలిసికట్టుగా కదలడమెలాగో ఒంటపట్టింది. అప్పట్లో స్థిరమైన చోటు దక్కనివాడి అవస్థలుగా కనిపించిన ఆ ఏళ్ళన్నీ లిబెరో స్థానంలో ఒక్కసారిగా అక్కరకు వచ్చాయి. అతను మొదటినుంచీ ఒకే స్థానానికి అంటిపెట్టుకుని ఉంటే 32 ఏళ్ళకు ఆట ముగిసిపోయేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ తరువాతే అతనికి పెద్ద విజయాలు దక్కాయి. 2018 మే 19న బెర్లిన్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ బయెర్న్ మ్యూనిఖ్‌ను 3-1తో ఓడించి, 30 ఏళ్ళ తరువాత జర్మన్ కప్ గెలిచింది. ఆ ఏడాదికి విదేశాల్లో ఆడే ఉత్తమ ఆసియా ఆటగాడిగా ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య హసెబేను ఎంపిక చేసింది. కొవాచ్ బయెర్న్‌కు వెళ్ళిపోయాడు, ఆది హ్యూటర్ వచ్చాడు. కొత్త కోచ్ కొత్తవాళ్ళతో మొదలుపెట్టినా, ఎంతోకాలం గడవకుండానే మధ్య స్థానానికి హసెబే తిరిగి వచ్చాడు. 2018-19 యూరోపా లీగ్‌లో ఆ జట్టు ఇంటర్ మిలాన్‌నూ బెన్ఫికానూ దాటి సెమీఫైనల్ చేరి, చెల్సీ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది.

2020లో అతను మరొక గడప దాటాడు. అంతవరకు బుండెస్‌లిగాలో అత్యధిక మ్యాచ్‌లు ఆడిన ఆసియా ఆటగాడు దక్షిణ కొరియాకు చెందిన చా బుమ్-కున్. ఆయనవి 308. ఆయన కూడా ఫ్రాంక్‌ఫర్ట్‌కే ఆడాడు, 1980లో ఆ క్లబ్ యుయెఫా కప్ (తరువాత యూరోపా లీగ్‌గా పేరు మారిన పోటీ) గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. ఆ తరువాత ఫ్రాంక్‌ఫర్ట్ ఐరోపా స్థాయిలో మరో కప్ గెలవడానికి 42 ఏళ్ళు పట్టింది. 2022 మే 18న స్పెయిన్‌లోని సెవీల్‌లో స్కాట్లండ్ జట్టు రేంజర్స్‌తో జరిగిన యూరోపా లీగ్ ఫైనల్లో, రెండో అర్ధభాగం ఆరంభంలో ఫ్రాంక్‌ఫర్ట్ డిఫెండర్ తూతా కింద పడిపోయాడు, ఆ లోపంలోంచే రేంజర్స్ గోల్ చేసింది. అలా వెనుకబడిన మరుక్షణం కోచ్ గ్లాస్నర్ 38 ఏళ్ళ హసెబేను దించాడు. అదనపు సమయంతో కలిపి దాదాపు గంటసేపు అతను ఆ రక్షణను నిలబెట్టాడు, ఆ తరువాత రేంజర్స్ ఇక గోల్ చేయలేకపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్ స్కోరు సమం చేసి షూటౌట్‌లో 5-4తో గెలిచింది. జపాన్ నుంచి అంతకుముందు ఆ కప్ గెలిచినవాడు 2002లో ఫెయెనూర్డ్ జట్టులో ఉన్న షింజి ఓనో. 2022లో హసెబేతో పాటు జట్టు సహచరుడు కమదాకూ ఆ గౌరవం దక్కింది.

జాతీయ జట్టు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2006లో తొలి మ్యాచ్ ఆడినా ఆ ఏడాది ప్రపంచకప్‌కు ఎంపిక కాలేదు. 2010 ప్రపంచకప్‌కు కొద్దిరోజుల ముందు, సన్నాహక మ్యాచ్‌లలో వరుస ఓటముల తరువాత, కోచ్ ఒకదా అనుభవజ్ఞుడైన నకజావాను తప్పించి 26 ఏళ్ళ హసెబే చేతికి కెప్టెన్ పట్టీ కట్టాడు. జపాన్ కామెరూన్‌నూ డెన్మార్క్‌నూ ఓడించి రెండో దశకు చేరింది. మరుసటి ఏడాది ఖతార్‌లో ఆసియా కప్ గెలిచింది. మూడు ప్రపంచకప్‌లలో కెప్టెన్‌గా, మొత్తం 114 మ్యాచ్‌లలో 81 మ్యాచ్‌లకు నాయకుడిగా అతను ఉన్నాడు. 2018లో పోలండ్‌తో ఆడుతూ 0-1తో వెనుకబడి ఉన్నప్పుడు, ఇంకో మైదానంలో కొలంబియా సెనెగల్‌పై ఆధిక్యంలో ఉందన్న కబురు రాగా, స్కోరు అలాగే ఉండి పసుపుకార్డులు పెరగకపోతే జపాన్ ముందుకు వెళ్ళే పరిస్థితి ఏర్పడింది. గోల్ కోసం వెళ్ళకుండా ఆగిపొమ్మని పదిమందిని ఒప్పించడం తేలిక కాదు. కోచ్ నిషినో ఆ సందేశంతో 82వ నిమిషంలో హసెబేను మైదానంలోకి పంపాడు. ప్రేక్షకులు ఈలలు వేసి నిరసించారు, విమర్శలూ వచ్చాయి, ఆ ఎత్తుగడ నాకూ నచ్చలేదు. ఆ సందేశాన్ని మోయగలిగినవాడు, జట్టంతా ప్రశ్నించకుండా మాట వినేవాడు ఎవరని వెతికితే కోచ్‌కు కనిపించినది మాత్రం ఒక్కడే.

హసెబేను మించినవారు లేరా అని కూడా అడిగారు. కేవలం ప్రతిభ దృష్టితో చూస్తే ఉన్నారు. హిదెతోషి నకతా 1998లో పెరూజాకు ఆడిన తొలి లీగ్ మ్యాచ్‌లోనే యువెంతస్‌పై రెండు గోల్స్ చేశాడు, 2001లో రోమాతో ఇటలీ లీగ్ గెలిచాడు. ఆ స్థాయి మెరుపు హసెబేలో ఎన్నడూ లేదు. షున్సుకే నకమురా ఫ్రీకిక్‌ల వంటివి అతని కాలి నుంచి రాలేదు. అయితే నకతా 29 ఏళ్ళకే ఆట వదిలేశాడు, హసెబే 29 ఏళ్ళకు తన అసలైన స్థానం ఏమిటో కూడా ఇంకా కనుక్కోలేదు. ఒకే లీగ్‌లో, ఎడతెగని పోటీ మధ్య, 40 ఏళ్ళ వరకు తన అవసరం తీరిపోనివ్వకుండా చూసుకోవడం వేరే రకం ప్రావీణ్యం. ప్రతిభలో నకతాకూ, ప్రభావంలో ఒకుదెరాకూ, నిలకడలో హసెబేకూ నేను మొదటి స్థానం ఇస్తాను. పిల్లలకు నేర్పడానికి మాత్రం హసెబే ఆటే ఎక్కువ పనికివస్తుంది. నకతా చూపును ఎవరికీ నేర్పలేము, సరైన చోట నిలబడటాన్ని నేర్పగలము.

2024 మే నెలలో లైప్‌జిగ్‌తో జరిగిన మ్యాచ్‌తో అతను ఆట ముగించి, ఫ్రాంక్‌ఫర్ట్ 21 ఏళ్ళలోపు జట్టు శిక్షణ బృందంలో చేరాడు. అదే ఏడాది జపాన్ జాతీయ జట్టు కోచ్‌ల బృందంలోనూ చోటు సంపాదించాడు.

ఇక మ్యాచ్‌ల విషయం. సెవీల్ ఫైనల్‌ను 57వ నిమిషం నుంచి చూపించండి, రేంజర్స్ గోల్‌కు ముందూ తరువాతా ఫ్రాంక్‌ఫర్ట్ రక్షణ వరుస ఎలా మారిందో పోల్చమనండి. 2022 అక్టోబర్ 4న చాంపియన్స్ లీగ్‌లో టాటెన్‌హామ్‌తో 0-0గా ముగిసిన మ్యాచ్‌ను పూర్తిగా చూపించండి. హ్యారీ కేన్, సోన్ హ్యూంగ్-మిన్ ఉన్న దాడికి ఎదురుగా, 38 ఏళ్ళ వయసులో అతను ఎన్నిసార్లు పరుగెత్తాడో, ఎన్నిసార్లు పరుగు అవసరమే లేకుండా చేసుకున్నాడో ఒక పిల్లవాణ్ణి రాసుకోమనండి. ఒకరిద్దరు పిల్లలకు బంతిని వదిలేసి అతన్నే గమనించే పని అప్పగించి, బంతి అందకముందు ఎన్నిసార్లు తల తిప్పి చూస్తున్నాడో లెక్కపెట్టించండి.

చివరగా 2018 జూలై 2న రోస్తోవ్‌లో బెల్జియంతో జరిగిన మ్యాచ్‌లో ఆఖరి నిమిషం చూపించండి. 2-0 ఆధిక్యం నుంచి 2-2కు వచ్చిన జపాన్ కార్నర్ కిక్ కోసం తన మనుషుల్ని ముందుకు పంపగా, బెల్జియం గోల్‌కీపర్ కూర్త్వా చేతిలో పడిన బంతి క్షణాల్లో ఈ చివర గోల్‌లోకి వెళ్ళింది. హసెబే వెనక్కి పరుగెత్తి బెల్జియం స్ట్రైకర్ లుకాకును అందుకున్నాడు, అక్కడివరకు అతను చేసింది సరైనదే. లుకాకు బంతిని తాకకుండా వదిలేయగా వెనుక ఒంటరిగా ఉన్న షాద్లీ గోల్ చేశాడు. ఆ దృశ్యాన్ని కార్నర్ కొట్టిన క్షణంలో ఆపి, వెనుక ఎంతమంది ఉండవలసిందో, ఎక్కడ నిలబడవలసిందో పిల్లల చేతే బోర్డు మీద గీయించండి.